కారవాన్‌కి కరెంటు

“దీనికి మూత లేదు బాబూ. వానొస్తే నీళ్ళు నేరుగా పిన్నుల్లోకే,” అంటూ బ్రహ్మయ్య కరెంటు కనెక్టర్ బొమ్మ ఉన్న ఫోను అల్లుడి చేతికి తిరిగి ఇచ్చేశాడు.

“నిన్న చూపించినదానికి మూత ఉంది కదండీ మావయ్యగారూ?”

“మూతుంది. లోపల రబ్బరు వాషరు లేదు.”

కమలాకర్ నుదురు రుద్దుకున్నాడు. “సోమవారానికల్లా కావాలండీ. ఇనప సామాన్ల కొట్టు బౌమార్క్ట్‌కి వెళ్తే బయట చాంతాడంత లైను, లోపల సగం అరలు ఖాళీ. పార్సెల్ ఏమో ఎప్పుడొస్తుందో తెలీదు. ఏదో ఒకటి ఖాయం చేసేద్దాం.”

“కరెంటు దగ్గర ఏదో ఒకటి పనికిరాదు.”

తణుకు కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి ఆ మాటంటే ఎవరు మాత్రం ఎదురు చెబుతారు? కమలాకర్ మీటింగుందంటూ చిన్నగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. బ్రహ్మయ్య మళ్ళీ హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

కూతురు గీతికని చూసి పోదామని ఫిబ్రవరిలో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ వచ్చాడాయన. మార్చిలో కరోనా వల్ల విమానాలు ఆగిపోయాయి. అల్లుడి ఆఫీసు కూడా ఇంటికే వచ్చేసింది. ఆయనకిచ్చిన చిన్నగది మీటింగుల గదైపోయి, ఆయన హాల్లో సోఫా మీదికి చేరాడు. అప్పట్నుంచీ మీటింగులకి అడ్డమని దగ్గొస్తే దిండులో దగ్గుతున్నాడు. టీవీలో బొమ్మ చూడ్డమే తప్ప మాట వినడం లేదు.

కిందటి వారం కమలాకర్ ఇంటి ఓనరమ్మని అడిగి పెరట్లో మూలనున్న పాత కారవాన్ వాడుకోడానికి తీసుకున్నాడు. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల గది అది. గరాజ్ నుంచి కరెంటు వైరు తెచ్చి గుచ్చాలంటే దాని పక్క రేకుకి కనెక్టర్ ఉండాలి. ఉన్నదేమో ఎప్పుడో కాలి మాడిపోయింది.

అది ఎవరికోసమని బ్రహ్మయ్య అడగలేదు. అడగడానికేముంది? ఆ ఇంట్లో ఎక్కువైన మనిషి ఒక్కడే.

గీతిక కారవాన్ కర్టెన్లు ఉతికి ఆరేసింది. కమలాకర్ అందులోని మంచం ఊడదీసి గరాజ్‌లో పెట్టాడు. నేల మీద పడుకోమనేమో అనుకున్నాడు బ్రహ్మయ్య. “లోపల రెండు సాకెట్లు కావాలండీ, నెట్ వైరుకి చిన్న కన్నం కూడా,” అన్నాడు అల్లుడు. ముసలాడు సినిమాలు చూసుకుంటూ పడుంటాడని కాబోలు! ఏప్రిల్ నెలైనా పొద్దున్నే పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా కనిపిస్తోంది.

అందుకే ఈ వంకలు. ఒకదానికి మూత లేదన్నాడు, ఒకదానికి వాషరు లేదన్నాడు, ఇంకోదాని రంగు నచ్చలేదన్నాడు. ఒక్కో వంకకి ఒక్కో రాత్రి ఇంట్లో గడుస్తోంది.

ఆ మధ్యాహ్నం మంచినీళ్ళకని వెళ్తుంటే వంటింట్లో మాటలు వినబడ్డాయి.

“నాన్నకి చెప్పారా?” అంది గీతిక.

“కరెంటు వచ్చాక చెబుదాం. ముందే చెబితే ఒప్పుకోరు.”

“ఇంకెన్నాళ్ళండీ ఇలా? ఆయన్ని చూస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.”

“నేనేం చెయ్యను? చూపించినవాటికల్లా వంక పెడుతున్నారు.”

బ్రహ్మయ్య ఖాళీ గ్లాసుతోనే వెనక్కొచ్చేశాడు. కూతురికే బరువయ్యాక ఇంక దాచుకోడానికేముంది? పైగా ముప్ఫయ్యేళ్ళు కరెంటు పని చేసినవాడు మంచి సరుకుని చెడ్డదనడమేమిటి? తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం అల్లుణ్ణి తనే పిలిచాడు. “మొదటిరోజు చూపించారే, నీలం రంగుది, మూడు పిన్నులది. అదే తెప్పించండి.”

“దాన్నే కదండీ వద్దన్నారు?”

“అప్పుడు కళ్ళజోడు పెట్టుకోలేదు.”

పార్సెల్ శనివారం వచ్చింది. బ్రహ్మయ్య రేకుకి కన్నం కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, రబ్బరు వేసి, స్క్రూలు బిగించాడు.

“పిన్నులు బండి వైపు, కన్నాలు వైరు వైపు ఎందుకండీ?” అన్నాడు కమలాకర్.

“కరెంటున్న చివర పిన్నులు బయటికి కనపడకూడదు. మన పెళ్ళి పందిళ్ళలో రెండు చివర్లా పిన్నులున్న వైర్లు వాడతారు చూడండి, వాటిని ఎన్నిసార్లు కోసి పారేశానో!”

కమలాకర్ నవ్వుతూ ఇంట్లోకి వెళ్ళాడు. బ్రహ్మయ్య లోపలి వైర్లు బిగిస్తుంటే ఇంట్లోంచి బరువైనవేవో జరుపుతున్న చప్పుడు వినబడింది. సోఫా అప్పుడే సర్దేస్తున్నారన్నమాట. ఆఖరి స్క్రూ కూడా బిగించేశాడు.

కాసేపటికి కమలాకర్ వచ్చి వైరు గుచ్చాడు. కారవాన్‌లో దీపం వెలిగింది.

“భేష్ మావయ్యగారూ! మీరు లేకపోతే అయ్యేది కాదు.”

నేను లేకపోతే దీని అవసరమే లేదు బాబూ, అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళాడు. మడతపెట్టిన పంచెలూ, మందుల డబ్బా, స్వెట్టరూ పెట్టెలో సర్దుకున్నాడు. ఎవరో వచ్చి పొమ్మనేదాకా ఆగడమెందుకని పెరట్లోకి నడిచాడు. కారవాన్ మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనకనుంచి గీతిక పిలిచింది.

“పెట్టె పట్టుకుని అటెక్కడికి నాన్నా?”

“నా గదికేనమ్మా.”

“అది ఆయన ఆఫీసు నాన్నా, నీ మంచం చిన్నగదిలో వేశాం.”