మూత లోపలి మరక

...తోడబుట్టినదాని మొగుణ్నే నమ్మకపోతే ఇక రిపేరు కిట్లు ఎవరి దగ్గర కొనాలి? అనుకుంటూనే మెకానిక్ డీజిల్ ఇంజను విప్పాడు. మొన్న వేసిన పిస్టన్ రింగులు ముక్కలై ఉన్నాయి. నిండా జనంతో పడవ నది మధ్యలో ఆగిపోయిందంటే ఆగదూ మరి!

"కంపెనీ పెట్టెలో నకిలీ సరుకా? నన్నే ముంచుతావా బావా?" అని, కబురందుకుని ఇంటికొచ్చిన బావను నిలదీశాడు.

"ముంచడానికి నీ దగ్గర ఏముందిరా, ఆ నూనె చొక్కా తప్ప? పెట్టె చూసి నేనూ మోసపోయాను. ఇదిగో, వాటితో పాటు వచ్చిన ఇంకో పెట్టె. నువ్వే విప్పు."

విప్పాడు. కొత్త అట్టపెట్టె మూత లోపల నల్లటి గుండ్రటి మరక కనిపించింది.

నూనెతో నల్లబడ్డ పాత రింగును పెట్టె మూతలో పెట్టి, పక్కన కొత్తది పెట్టి పోల్చి చూడటం అతని అలవాటు. ఇంకే మెకానిక్కూ అలా చెయ్యడు.

"మన ఖాళీ పెట్టెలు ఎవరికి అమ్ముతున్నావు?" అని భార్యను అడిగాడు.

"పాత సామాన్లవాడికి. చిరగనివైతే బేరం కూడా ఆడడు, మహారాజు!"



గుమ్మంలోంచి పడవవాడు అన్నాడు: "అన్నా, ఈసారైనా నమ్మకమైనవాడి దగ్గర తెప్పించు. పిల్లలెక్కే పడవ."

మెకానిక్ మూలనున్న ఖాళీ పెట్టెల దొంతరలో పైదాన్ని తీసి, నిలువునా చించాడు.