తెర మీద ఫ్రోసో

"ఇవాళ కూడా ఫ్రోసో మీ పడవ వెనకాలే తిరిగింది బాబాయ్. ఏం మందు పెట్టారు దానికి?" అంది అర్గిరో.

ఆ ద్వీపంలోని సముద్ర పరిశోధన కేంద్రానికి ఆమే పెద్ద. గదిలో ఉన్న కుర్ర శాస్త్రవేత్తలు గొల్లున నవ్వారు. గోడ మీది తెరపై ఎర్రచుక్క వెలుగుతోంది. ఫ్రోసో అనే సీలు జంతువు వీపుకి వాళ్లు ఒక చిన్న యంత్రం అంటించారు. నీళ్ల పైకి వచ్చినప్పుడల్లా అది ఉపగ్రహానికి కబురు పంపుతుంది. కబురు అందిన చోట చుక్క పడుతుంది.

జాలరి స్తామాతిస్ నవ్వలేదు. పెరట్లోంచి కోసుకొచ్చిన నిమ్మకాయల సంచి బల్ల మీద పెట్టి, గబగబా బయటపడ్డాడు. ఈమధ్య ఆ తెర వైపు చూడాలంటేనే ముసలాయనకి గుండె జారిపోతోంది.

ఆ చుక్క మీదే ఊరంతా బతుకుతోందంటే అబద్ధం కాదు. వసంతం దాకా ఫ్రోసో ఈ నీళ్లలో తిరుగుతుంటే కేంద్రానికి నిధులు, లేకపోతే తాళం. ఏథెన్స్ పెద్దలు తేల్చి చెప్పేశారు. తాళం పడితే చలికాలం ఓడ రాదు. కేంద్రంవాళ్ల పిల్లలు వెళ్లిపోతే బడిలో మిగిలేది స్తామాతిస్ మనవరాలూ, టీచరమ్మా.

ఇంటికెళితే భార్య మారులతో ఇంకో గోల.

"గాలివానకి భయపడి ఊళ్లో ఒక్క పడవ కదల్లేదు. నువ్వు మాత్రం పొద్దున్నే తయారు. తెచ్చింది చూస్తే పిల్లికి కూడా చాలదు. ఎక్కడికి వెళ్తున్నావయ్యా?"

"సముద్రం మీదికి."

"సముద్రం నాకూ తెలుసులే. ఆ సీళ్ల గుహల దగ్గర వలేస్తున్నావు కదూ? అక్కడ వలేస్తే జైలని తెలీదూ?"

స్తామాతిస్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఒకే ఒక్కసారి వేశాను మారులా. చలికి ముందు."

"ఎవరన్నా చూశారా?"

"లేదు."

"మరింకేం, తిను."

తినలేకపోయాడు. ఆవిడకేం, అంత తేలిగ్గా అనేసింది.

చలి ముదిరాక ఆయనకి జ్వరం తగిలింది. అర్గిరో వేడివేడి సూపు పట్టుకుని తనే వచ్చింది. మంచం పక్కన కూర్చుంది.

"మీరు పడుకున్నప్పట్నుంచీ ఫ్రోసో రేవులోనే ఉండిపోయింది. మీ పడవని వదిలి కదలడం లేదు. త్వరగా లేవండి బాబాయ్" అంది.

మర్నాడే, ఒళ్లు కాలిపోతున్నా, మారుల తిడుతున్నా వినకుండా పడవెక్కాడు.

వసంతం వచ్చింది. నిధులూ వచ్చాయి. రేవులో పెద్ద సభ పెట్టారు. ఏథెన్స్ నుంచి వచ్చిన అధికారి స్తామాతిస్ మెడలో పతకం వేసి, "మూగజీవి నమ్ముకున్న మనిషి ఈయన" అన్నాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. మనవరాలు అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆయనకి భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

సభ కాగానే తిన్నగా అర్గిరో గదికి వెళ్లాడు. పతకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాకొద్దు తల్లీ. నేను పాపిష్టివాణ్ణి. తిన్నది ఒంటబట్టడం లేదు, కంటి మీద కునుకు లేదు. ఫ్రోసో సంగతి నీకు చెప్పెయ్యాలి. విన్నాక జైల్లో పెట్టిస్తావో, ఉమ్మేస్తావో నీ ఇష్టం."

అర్గిరో లేచి వెళ్లి తలుపు మూసింది. తిరిగి వచ్చి కూర్చుంది గానీ, ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

"అది మీ వలలో పడి చచ్చిపోయిందని నాకు మొదట్నుంచీ తెలుసు బాబాయ్, ఆ యంత్రాన్ని పడవలో వేసుకుని ఎక్కడైనా తిప్పండి గానీ ఆదివారం చర్చికి మాత్రం పట్టుకెళ్లకండి, సీలు ప్రార్థనకి వచ్చి కూర్చుందంటే ఎవరు నమ్ముతారు?"