అన్నం ఆవిరి

"మళ్లా అన్నం వండినవా?" నాటింగ్‌హామ్‌లోని ఆ పాత ఫ్లాటులో, గోడకు పట్టిన నల్లబూజును బ్లీచ్‌తో తోముతూ కౌశిక్ భార్య మీద ఎగిరాడు.

"నెల నుంచి బ్రెడ్డే తినవెడుతున్నవు గదా," అంది ఐదో నెల కడుపుతో ఉన్న స్నేహలత.

అన్నం ఆవిరికే బూజు పడుతోందన్నాడు ఓనరు. ఆ మాట నమ్మి కుక్కరు దాచేసింది కౌశికే. అందుకే ఇవాళ స్నేహలత గిన్నెలో వండింది.

తలుపు చప్పుడైంది. పై ఫ్లాటు ముసలామె మార్గరెట్, బ్లీచ్ అడగడానికి వచ్చింది.

"మీ గోడకూ బూజేనా? మీరూ అన్నం వండుతారా?" ఇంగ్లీషులో అడిగాడు కౌశిక్.

"టోస్టు తప్ప ఏమీ చేసుకోను నాయనా. నా ఊపిరి తేమకే బూజు పడుతోందంటాడు మన ఓనరు."



స్నేహలత సీసా తెచ్చి ఆమె చేతికిచ్చింది. "ఈమెకు గూడ చెప్పు," అంది తెలుగులో, "ఊపిరి బంద్ చేయుమని. నన్ను అన్నం బంద్ చేయుమన్నవు గదా."