హంతకుడి పేరు లేని పుస్తకాలు

“ఏం చేస్తున్నారండీ?”

సూర్యకళ గొంతు వినగానే ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చేతిలో పెన్ను, ఒళ్ళో చిత్రకేతు రాసిన డిటెక్టివ్ నవల.

రాజమండ్రిలో సూర్యకళది పాత పుస్తకాల కొట్టు. నెల రోజులుగా ఈయన బస్సు దిగి వస్తాడు, మూల స్టూలు మీద కూర్చుంటాడు, ఒక్క పుస్తకమూ కొనడు. పెద్దాయన కదా పోనీలే అని ఆవిడా ఊరుకుంది. ఇవాళ దొరికిపోయాడు.

పుస్తకం లాక్కుని చూసింది. చివర నాలుగు తెల్లకాగితాలు అంటించి ఉన్నాయి. వాటి నిండా చేతిరాత.

“చివరి పేజీలు లేవమ్మా. అద్దె లైబ్రరీల్లో నలిగి ఎప్పుడో ఊడిపోయాయి. హంతకుడెవరో తెలియకపోతే చదివినవాళ్ళు ఏమైపోతారు?”

“అందుకని మీకు తోచింది రాసేస్తారా?”

“తోచింది కాదమ్మా, ఉన్నదే...”

“ఇంకెన్ని పాడుచేశారు?”

“పదకొండు” అన్నాడాయన, అదేదో ఘనకార్యమైనట్టు.

సూర్యకళకి ఒళ్ళు మండింది. ఇంకెవరి పుస్తకమైనా అయితే ఊరుకునేదేమో. చిత్రకేతు అంటే ఆవిడకి ప్రాణం. ఎనిమిదో తరగతిలో లెక్కల పుస్తకం మధ్య దాచుకుని చదివింది. ఆ మహానుభావుడు ఒక్క నవల మీదా ఫొటో వేయించుకోలేదు. ఆయన్ని ఒక్కసారి కళ్ళారా చూసి దణ్ణం పెట్టుకోవాలని ఆవిడకి ఏళ్ళ తరబడి కోరిక.

“ఆ రచయిత చూస్తే ఏమంటారో తెలుసా?”

“ఏమీ అనడమ్మా.”

“చాలండి! ఇంకెప్పుడూ నా కొట్టుకి రాకండి.”

ముసలాయన తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మూడు నెలల తర్వాత రామచంద్రపురం నుంచి శ్రీకాంత్ అనే ఆయన వాళ్ళమ్మ పుస్తకాలు అమ్మకానికి తెచ్చాడు. ఒక చిత్రకేతు నవల అట్ట లోపల ఏదో చిరునామా రాసి ఉంది.

“ఈ రైటర్‌దేనండి. అమ్మ ఆయనకి ఉత్తరాలు రాసేది” అన్నాడు.

ధవళేశ్వరం! ఇంత దగ్గరలోనా! మర్నాడే సూర్యకళ కొట్టు మూసేసి, డజను కమలాపళ్ళు కొనుక్కుని బస్సెక్కింది. ఉన్నారో లేదోనని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉంది.

ఇంటావిడ అచ్చాయమ్మ తలుపు తీసింది.

“చిత్రకేతు గారు ఉన్నారాండీ?”

“మా వెనకగదిలో అద్దెకుండేవారమ్మా. పోయి నలభై రోజులైంది.”

రెండు నెలల ముందు వచ్చి ఉంటే చూసేదాన్ని కదా అని సూర్యకళకి ఏడుపొచ్చేసింది.

“ఏం జబ్బు చేసిందండీ?”

“జబ్బేం కాదమ్మా, దిగులు” అంది అచ్చాయమ్మ. “చూపు పూర్తిగా పోకముందే తన నవలలకి ఊడిపోయిన పేజీలన్నీ రాసిపెట్టాలని రోజూ రాజమండ్రి వెళ్ళేవారు. ఎవరో కొట్టావిడ ఇక రావద్దని తిట్టి పంపించేసిందంట, ఆ రోజు నుంచి గది దాటి బయటికి రాలేదు.”