పదిహేడో కనెక్టర్

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ డాబా మీద, కొత్తగా బిగించిన సోలార్ ప్యానెళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, టెక్నీషియన్ నిరోష ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూస్తోంది. రెండు వైర్లను కలిపే పదిహేడో కనెక్టర్‌లో వైరు కదిలింది.

"సార్, ఆన్ చెయ్యకుండ్రి!" అని అరిచింది.

మెయిన్ స్విచ్ మీద సూపర్‌వైజర్ నాగేష్ చెయ్యి ఆగిపోయింది. "ఏందమ్మా? ఓపెనింగ్‌కొచ్చే చీఫ్ గెస్టు తార్నాక చౌరస్తా దాటిండంట. ఐదు నిమిషాల్ల గీడుంటడు."

"లోపల పిన్ను సరిగ పట్టలేదు సార్. కరెంటు పారితే గీ సందుల నిప్పు పుడతది. ఇయ్యాల కాకపోతే ఎండాకాలంల. కిందనే పిల్లలు పండుకునే రూములున్నయ్."

"ఫంక్షన్ అయినంక చూద్దాం. జరుగు."

నిరోష జరగలేదు. "ఒక్కసారి ఆన్ అయితే మళ్ల ఎవ్వరూ పైకొచ్చి చూడరు సార్."

కింద కారు హారన్ మోగింది. నాగేష్ మొహం ఎర్రబడింది. "ఎవరు బిగించిన్రు దీన్ని? పేరు చెప్పు. రేపటి సంది వాళ్లకు పని లేదు."

పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి ఆమె భయపడుతున్నది ఈ ప్రశ్నకే.

"నేనే సార్. మొన్న సాయంత్రం లాలాపేట్ బస్సు పోతదని తొందరపడ్డ. ఏది సరిగ నొక్కలేదో యాదికి రాలే. అందుకే అన్నీ లాగి చూస్తున్న."

నాగేష్ స్విచ్ పెట్టె మూసి తాళం వేశాడు.

"గెస్టుకు నేను చెప్పుకుంటా. మిగిలినయి గూడ నువ్వే చూడు. ఇంకొకరు చూస్తే నాకు నమ్మకం లేదు."