ఫోటో తీసిన తేదీ

కంప్యూటర్ రాని విలేకరులు ఇక అక్కర్లేదని పేపర్ ఆఫీసు తేల్చి చెప్పింది. దాంతో యాభై ఏళ్ల దేవదానం, విలేకరుల కోసం ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠాలను నాచారం నెట్ సెంటర్‌లో నేర్చుకుంటున్నాడు. ఆ ఇంగ్లీషు పాఠాలను సెంటర్ నడిపే ఎస్తేర్ పక్కన కూర్చుని తెలుగులో విప్పి చెబుతోంది.

ఆరోజు పాఠం, ఫోటో ఎప్పుడు తీశారో కనిపెట్టడం.

"నీ పాత వార్తల ఫోటో ఒకటి తెరువన్నా. గా రంగుల ఫ్యాక్టరీది మెయిల్ల ఉంటది గద?"

ఉంది. నిరుడు ఆ ఫ్యాక్టరీలో మంటలు లేచి నలుగురు కాలిపోయారు. వెనక తలుపు బార్లా తెరిచి ఉన్న ఫోటోను మేనేజరే పంపాడు, ప్రమాదానికి గంట ముందు తీసిందని. అది నమ్మి, తలుపు తెరిచే ఉన్నా తాగిన మత్తులో కార్మికులు బయటపడలేకపోయారని దేవదానం రాశాడు.

ఎస్తేర్ చెప్పిన చోట నొక్కాడు. తేదీ కనిపించింది.

ప్రమాదం జరిగింది తొమ్మిదిన. ఫోటో తీసింది పదకొండున.

దేవదానం మళ్లీ నొక్కి చూశాడు. "కెమెరాల తేదీ తప్పుండొచ్చు గదమ్మా?"

"తప్పు లేదన్నా. మా నాయిన గా తలుపు కాడ్నే దొరికిండు. కొట్టి కొట్టి చేతులు పలిగిపోయినయ్. పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలే ఆయన."

కీబోర్డును అతని ముందుకు జరిపింది.

"గీ పాఠం నేను నిరుడే నేర్చుకున్న. పేపర్ల పడ్డ దాంట్ల తేదీ దొరకది, అసలు ఫోటో నీ మెయిల్లనే ఉండె. గందుకే నీకు నేర్పిన."