ఎనిమిదో నట్టు

పంక్చరైన పాత ట్రాక్టరు పెద్దచక్రానికి ఏడు నట్లు ఊడాయి. ఎనిమిదోది నా ఇంజనీరింగు పట్టాను ఖాతరు చేయలేదు. సాయంత్రం వాన పడేలోగా దుక్కి పూర్తవ్వాలి.

తుప్పు వదలాలని డీజిలు పోశాను. పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీదెక్కి శాస్త్రోక్తంగా గెంతాను. పైపు వంగింది.

కుర్చీలోంచి నాన్న ఒకటే వెక్కిరింత. “తిన్నదంతా ఎక్కడికి పోతోందిరా? గట్టిగా గెంతు!”

“అసలిది బిగించిన రాక్షసుడెవడు నాన్నా?”

“నేనేరా. కుడిచెయ్యి పడిపోవడానికి ముందురోజు.”

తొలి చినుకు బానెట్ మీద పడింది. గబగబా మళ్లీ పైపెక్కాను.

పొద్దుట్నుంచీ దుక్కి, దుక్కి అని నా ప్రాణం తీసిన మనిషి, ఒళ్లోని చేతికేసి చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

“దిగరా. దాన్నలా ఉండనీ.”